నూకాలు దిద్దించిన పన్నెండో పేజీ

ఏటిగట్టు అడవిలో ఏనుగు మొదలు ఎలుక దాకా అందరికీ మెయిలు ఉండేది. ఏ వాగు పొంగింది, ఏ చెట్టు కాయ పండింది, వేటగాళ్లు ఎక్కడ ఉచ్చులు పెట్టారు, అన్నీ మెయిల్లోనే తెలిసేవి. అటవీశాఖ వాళ్లు వదిలేసిపోయిన రేకుల షెడ్డులో ఒక పాత కంప్యూటరు, పైన సోలార్ పలక. అదే వాళ్ల మెయిల్ సర్వర్. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ పేరు గువ్వ. గువ్వని తయారుచేసిందీ, దానికి మాన్యువల్ రాసిందీ ఏదుపంది పైడయ్య. ఒంటినిండా కలాలున్నవాడు రాయక ఇంకెవడు రాస్తాడని మిగతా జంతువులు అనుకునేవి.

సర్వర్ని చూసుకునే కాకి, కొత్త వెర్షన్ ఎక్కించిన మర్నాడే పక్క అడవికి వలస పోయింది. ఆ పని ఎవరు చేస్తారని పంచాయితీలో అడిగితే ఎవరూ నోరెత్తలేదు. అడవికి పెద్ద ఏనుగు గవర్రాజు. అటూ ఇటూ చూసి, మూలన నిలబడ్డ గాడిద మీద కన్ను వేశాడు.

"నూకాలమ్మా, బరువులు మొయ్యడం నీకు అలవాటే గదా" అన్నాడు.

అలా నూకాలు మెడకి సర్వర్ తగులుకుంది. కంప్యూటరంటే ఓనమాలు తెలీవు. అందుకని మాన్యువల్‌నే నమ్ముకుంది. దాంట్లో ఏముంటే అది, ఒక్క మాట ఎక్కువా తక్కువా లేకుండా చేసుకుపోయేది.

కొత్త వెర్షన్ వచ్చింది గనక సెట్టింగులన్నీ మొదట్నించీ పెట్టుకోవాలి. మూడో పేజీలో, "గూడు అనే ఫోల్డరులో తలుపు అనే ఫైలు తెరవండి" అని ఉంది. గూడు ఉంది గానీ అందులో తలుపు లేదు. మూడు రోజులు వెతికింది. 'గాడిదని గదా, నాకే తలకెక్కట్లేదు' అని తనలో తనే కుమిలింది. ఆఖరికి ఆ ఫైలు కొమ్మ అనే ఇంకో ఫోల్డరులో దొరికింది. ఆ తలుపులో ఏం పెట్టాలో పన్నెండో పేజీలో ఇలా ఉంది: "ఎవరు పంపినా, ఎవరికి పంపినా, పేరు ఆరా తియ్యకుండా ఉత్తరాన్ని ముందుకు సాగనంపండి. అది ఇరుగుపొరుగు మర్యాద." నూకాలు అలాగే చేసింది.

వారం తిరక్కుండా కుందేళ్లకి గవర్రాజు పేరు మీద మెయిలొచ్చింది. "ఇప్పచెట్ల దిబ్బ మీద లేత గడ్డి మొలిచింది. మధ్యాహ్నానికి రండి. కాపలా నేనుంటాను." కుందేలు గౌరమ్మ, ఆమె చెల్లెలు సీతాలు పరుగున వెళ్లారు. దిబ్బ వెనక ఏనుగు లేదు, నక్క జోగులు ఉన్నాడు. గౌరమ్మ ఒక్కతే తిరిగొచ్చింది.

సాయంత్రం ఆమె షెడ్డు దగ్గరికొచ్చి గుమ్మంలో కూర్చుంది. తిట్టలేదు.

"ఆ ఉత్తరం నీ మీదుగానే వచ్చింది గదా అక్కా" అంది.

నూకాలు వెళ్లి గవర్రాజుని అడిగితే, తను ఏ ఉత్తరమూ రాయలేదన్నాడు. నూకాలు మళ్లీ మాన్యువల్ తీసి మొదటి పేజీ నుంచి చదివింది. పన్నెండో పేజీ దగ్గర ఆగిపోయింది. తను తెరిచి పెట్టిన తలుపులోంచే దొంగ దూరాడు. తెరవమని చెప్పింది పుస్తకం.

ఈ సంగతి పైడయ్యకి చెప్పాలని బయల్దేరింది. కానీ ఆ మాట చెవిన పడ్డ నక్క ఆమె కంటే ముందే అక్కడికి చేరాడు.

"తాతగారూ, ఆ గాడిద మీ పుస్తకంలో తప్పులు పడుతోందట. మీ మాన్యువల్ అంటే మూడు కొండల వాళ్లు కళ్లకద్దుకుంటారు. ఒక్క అక్షరం మార్చారో, ఇన్నాళ్లూ తప్పే రాశారని లోకం అనుకుంటుంది. మీ పరువు కోసం చెబుతున్నాను" అని చెప్పి వెళ్లాడు.

పైడయ్య ముసలివాడు. ఈ మధ్య పలకరించేవాళ్లే తక్కువ. ఉన్న గౌరవమంతా ఆ పుస్తకం వల్లే. నూకాలు వచ్చేసరికి ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి.

"గుర్రాలే అడగలేదు, గాడిద అడగొచ్చిందా? నాకు పాఠం చెబుతావా?"

"నేనేం చెబుతాను తాతా. నాకు కుదరట్లేదు. ఒక్కసారొచ్చి నా ముందు నువ్వే చేసి చూపించు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెయ్యాలి. బుర్రలోంచి ఏమీ కలపకూడదు."

"అదెంతసేపు" అని పైడయ్య వెంట వచ్చాడు.

కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మూడో పేజీ రాగానే అతని చెయ్యి దానంతటదే కొమ్మ ఫోల్డరు మీదకి పోయింది.

"పుస్తకంలో గూడు అనుంది తాతా" అంది నూకాలు.

పైడయ్య ఆగాడు. గూడు తెరిచాడు. కిందికీ పైకీ చూశాడు. ఇంకోసారి చూశాడు.

"దీన్ని నేనే అక్కణ్ణించి ఇక్కడికి మార్చాను. రెండేళ్లయింది" అన్నాడు నెమ్మదిగా. "పుస్తకంలో రాయడం మర్చిపోయాను."

"మూడు రోజులు వెతికాను. నేనే మొద్దుదాన్ననుకున్నాను."

ముళ్లు ఒక్కొక్కటే వాలాయి. నూకాలు పన్నెండో పేజీ తీసి ముందు పెట్టింది. గౌరమ్మ సంగతి, సీతాలు సంగతి చెప్పింది.

"ఇది రాసిన రోజుల్లో మెయిలు వాడేవాళ్లం పదకొండు మందిమి" అన్నాడు పైడయ్య. "అందరం ఎరుగున్నవాళ్లమే. పేరడిగితే చిన్నబుచ్చుకునేవాళ్లు."

"ఇప్పుడు జోగులు కూడా ఈ పేజీ చదువుతున్నాడు తాతా."

"జోగులా? పొద్దున వచ్చింది ఆ పనిమీదేనా?" ముసలాయన మొహం చిన్నబోయింది. "అంత పొగిడితే నా పుస్తకం మీద అభిమానమనుకున్నాను. వాడికి కావలసింది నా తప్పన్నమాట." వీపు మీదనుంచి ఒక ముల్లు కలంగా పీక్కున్నాడు. "మొదటి పేజీ చదువమ్మా. నువ్వు ఎక్కడ తడబడితే అక్కడ నాకు చెప్పు."

నాలుగు రోజులు ఇద్దరూ షెడ్డులోనే. నూకాలు చదివి చేసేది, ఆగిపోయిన చోటల్లా పైడయ్య కొట్టేసి కొత్తగా రాసేవాడు. పన్నెండో పేజీ ఇలా మారింది: "పాస్‌వర్డ్ చెప్పినవాళ్ల ఉత్తరాన్నే ముందుకు పంపండి. చెప్పకపోతే, ఎక్కణ్ణించి వచ్చిందో నెత్తిన రాసి, ఎవరి పేరు మీద వచ్చిందో వాళ్లకే తిప్పి పంపండి."

సర్వర్లో ఆ ప్రకారం మార్చారు. మారిన పేజీలు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకి రాసి, అడవిలో అందరికీ పంపారు. జోగులుకీ అందాయి. "అచ్చుతప్పులు దిద్దుకున్నట్టున్నారు" అని చదవకుండానే చెరిపేశాడు. మర్నాడు మళ్లీ గవర్రాజు పేరు పెట్టి కుందేళ్లకి అదే ఉత్తరం రాశాడు.

ఆ ఉత్తరం కుందేళ్లకి చేరలేదు. "పాస్‌వర్డ్ లేదు, నక్క జోగులు బొరియ నుంచి" అని నెత్తిన రాయించుకుని గవర్రాజుకి చేరింది.

మధ్యాహ్నం జోగులు మూతి నాక్కుంటూ దిబ్బ వెనక నక్కి కూర్చున్నాడు. ఉన్నట్టుండి మీద నీడ పడింది. తలెత్తితే ఏనుగు.

"కాపలా ఉంటానని రాశానట గదా" అన్నాడు గవర్రాజు. "ఉందామనే వచ్చాను."

తొండంతో ఎత్తి విసిరితే జోగులు వాగు అవతల పడ్డాడు. వెనక కాలు ఈడ్చుకుంటూ కొండ దాటి పోయాడు. మళ్లీ ఏటిగట్టు వైపు రాలేదు.

సీతాలు తిరిగి రాదని నూకాలుకి తెలుసు. అయినా జోగులు పారిపోయిన వార్త గౌరమ్మకి తనే వెళ్లి చెప్పింది. గౌరమ్మ విని, బొరియ ముందు కూర్చోబెట్టి ఇంత పచ్చగడ్డి పెట్టింది. అప్పట్నించి పైడయ్య ప్రతి అమావాస్య మర్నాడు పుస్తకం పట్టుకుని షెడ్డుకి వచ్చేవాడు. "చదువమ్మా" అని పక్కన కూర్చునేవాడు.

దారి మారిన రోజే, దారి చూపే రాయినీ జరపాలి.