పదిహేడోసారి

ఎస్తేరు రాణికి ఆ ఉదయం ఒకటే కోరిక. పట్నాయక్ మాస్టారు హెలికాప్టర్ శిక్షణ సంస్థకు ఫోన్ చేసి, "ఈ పిల్ల పనికొస్తుంది" అని ఒక్క మాట చెప్పాలి. నేవీలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే ఇప్పుడక్కడ పెద్దలు. ఆయన చెబితే కాదనేవాళ్ళు లేరు. ఆయనేమో అడిగిన ప్రతిసారీ "చూద్దాంలే" అని ఊరుకుంటున్నారు.

విశాఖలో మాస్టారి మేడమీది గదిలో ఒక కుర్చీ, దాని ముందు మూడు తెరలు, చేతులకు లివర్లు, కాళ్ళకు పెడళ్ళు. కంప్యూటర్లో ఎగిరేదన్న మాటే గాని ఆ హెలికాప్టర్ అసలుదానిలాగే మొండిది. చెయ్యి కాస్త బిగిస్తే పక్కకు ఒరుగుతుంది, సర్దబోతే ముక్కు తిప్పుతుంది. దాన్ని ఎస్తేరు నెలల తరబడి కుస్తీపట్టి లొంగదీసింది. మొన్న తుఫానులో చిక్కుకున్న పడవలోంచి జాలర్లను ఎత్తుకొచ్చే అభ్యాసం కూడా పూర్తిచేసింది. ఇక ఆమె కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

"ఆ తుఫాను పడవ పని చేసేశాను మాస్టారూ. ఇంకా ఏం చూడాలండీ?"

"అలాగా? అయితే నేనూ ఒకసారి వెళ్ళొస్తాను," అన్నారాయన.

డెబ్బై దాటిన మనిషి. చొక్కా సర్దుకుని బూట్లు తొడుక్కున్నారు. కుర్చీ చుట్టూ తిరిగి లివర్లు, పెడళ్ళు, వైర్లు చేత్తో తడిమి చూశారు. మెట్ల దగ్గరికెళ్ళి, "రత్నం, వెళ్ళొస్తాను" అని కేకేశారు. "జాగ్రత్తండీ" అని కింద వంటింట్లోంచి ఆయన భార్య జవాబిచ్చింది. ఈ గది దాటి పోయేదెక్కడికని ఎస్తేరుకు నవ్వాగలేదు.

ఆయన గాల్లోకి లేచాక నవ్వు మరిచిపోయింది. ముంజేయి తొడ మీద ఆనించి, లివరును రెండు వేళ్ళతో పట్టుకున్నారు. చెయ్యి కదిలినట్టే లేదు. హెలికాప్టర్ మాత్రం ఆయన చూసిన వైపుకల్లా వెళుతోంది. కింద సముద్రం చిలికినట్టు అల్లాడుతున్నా ఆ యంత్రం నిలకడగా ఉంది. ఇలాంటి చేతులు ఆమె ఎక్కడా చూడలేదు.

పడవ కనిపించింది. గాలి ఇంకా పెరిగింది. మాస్టారు ఇంధనం ముల్లు చూశారు, అలల వంక చూశారు, నెమ్మదిగా ముక్కు తీరం వైపు తిప్పేశారు.

"అయ్యో, అదేంటండీ! పడవలో మనుషులున్నారు!"

"అందుకేనమ్మా. ఇంధనం పోసుకుని, గాలి తగ్గగానే మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళడానికి మనం ఉండాలి కదా."

దిగారు. తెర మీద "విఫలం" అని పడింది. ఆయన తాపీగా బూట్లు విప్పుకున్నారు.

ఎస్తేరుకు ఉక్రోషం వచ్చింది. "నేనైతే అందరినీ తెచ్చాను మాస్టారూ."

"ఎన్నోసారికి?"

"పదిహేడోసారికి."

"అంతకుముందు?"

"సముద్రంలో పడిపోయింది. ప్రతిసారీ మళ్ళీ మొదలుపెట్టాను."

"మొదటిసారే మునిగిపోయావుగా. మరి పదిహేడోసారి నడిపిందెవరు?"

ఆమె నవ్వబోయింది. ఆయన నవ్వలేదు. ఎస్తేరు ఫోన్ సంగతి ఎత్తకుండానే ఇంటికెళ్ళింది.

మర్నాడు మాస్టారు కొత్త పని పెట్టారు. కొండమీది గూడెంలో పురిటినొప్పులు పడుతున్న మనిషిని ఆసుపత్రికి తేవాలి. ఎస్తేరు లోయ వెంట చక్కగా వెళ్ళింది. గూడెం ఇళ్ళు కనిపిస్తుండగా మబ్బు దిగింది. కళ్ళు మూసుకుని దూరిపోతే అవతల నేల దొరుకుతుందేమో. దొరక్కపోతే మళ్ళీ మొదలుపెట్టే మీట చేతికందేంత దూరంలోనే ఉంది. వెనక నిలబడ్డ మాస్టారి ముఖం చూడాలనిపించింది గాని చూడలేదు. హెలికాప్టర్‌ను వెనక్కి తిప్పి, లోయలో చదునుగా ఉన్న చోట దింపింది.

తెర మీద "విఫలం" అని పడింది. అయినా ఎస్తేరు లేవలేదు. ఇంజన్ ఆపకుండా, లివర్ మీంచి చెయ్యి తీయకుండా మబ్బు ఎప్పుడు విడుతుందా అని చూస్తూ కూర్చుంది.

వెనక మాస్టారు ఫోన్లో మాట్లాడుతున్నారు.

"ఒక అమ్మాయిని పంపిస్తున్నానయ్యా. ఎగరడం మీరు నేర్పండి. వెనక్కి రావడం ఆమెకు వచ్చు."