తలుపు వేసి చూశావా?

దాలినాయుడు మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. పాత కార్లకు రేకు పని చేసేటప్పుడు బొటనవేలంత అతుకు పడగానే గ్యాస్ మంట ఆర్పి, పక్కనున్న శిష్యుణ్ణి “తలుపు వేసి చూశావా?” అని అడిగేవాడు. అతుకు తలుపు దగ్గర పడిందా, ఎక్కడో వెనక డిక్కీ మూల పడిందా అన్నది ఆయనకు అక్కర్లేదు. శిష్యుడు లేచి వెళ్ళి, కారు తలుపు మెల్లగా మూసి, అది టక్కుమని పడితే “పడింది మేస్త్రీ” అనాలి. అప్పుడే మళ్ళీ మంట వెలిగేది.

ఆయన షెడ్డు విశాఖపట్నంలో చేపల రేవు వెనక ఉండేది. శిష్యుడు కొండబాబు మీసం రాని వయసులో వచ్చి, తల నెరవడం మొదలైనా అక్కడే ఉన్నవాడు. ఒక వానాకాలం వాళ్ళ దగ్గరికి ఆగ్నేసమ్మ గారి చిన్న మోరిస్ కారు వచ్చింది. ఆగ్నేసమ్మ గారు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో అందరికీ సిస్టరమ్మ. పల్లెలో ఎవరికైనా కాన్పు కష్టమైందని కబురొస్తే ఆవిడ ఆ కారులోనే వెళ్ళేవారు. ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు చెప్పింది ఆవిడే; ఆవిడ చూడని ముక్కలు కొండబాబు తర్వాత ఆవిడకు చెప్పినవి. చెప్పింది చెప్పినట్టు, మరిచిపోకముందే రాస్తున్నాను.

లారీకి కింద చట్రం ఉంటుంది. పై ఒళ్ళు పాడైనా అది నిలబడుతుంది. ఆ చిన్న కారుకు వేరే చట్రం లేదు. పై రేకే దాని ఎముక. తలుపు కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే పట్టీని ఉప్పుగాలి తినేసింది. దాన్ని కోసి కొత్తది అతికించాలి. కోసినంతసేపూ కారుకు ఆ వైపు ఆధారం ఉండదు కాబట్టి, ముందుగానే తలుపు ఖాళీకి లోపలివైపు అడ్డంగా ఇనుప కమ్మీలు పెట్టి బోల్టులు బిగిస్తారు. అవి లేకపోతే కారు నడుం కుంగి, తలుపు సరిగా పడదు. కుంగినప్పుడు అతికితే ఆ వంకర ఇక పోదు. అలాంటి ఒళ్ళు ఇంకొకటి తెద్దామన్నా దొరికేది కాదు. తేడా వస్తే కారు పాత ఇనుము కొట్టుకు పోవలసిందే.

కుడివైపు పని బాగానే అయింది. ఎడమవైపు మొదలుపెట్టేసరికి మేస్త్రిలో మార్పు తెలియసాగింది. కొండబాబును సత్తిబాబు అని పిలిచేవాడు. ఆ సత్తిబాబు సొంత షెడ్డు పెట్టుకుని వెళ్ళిపోయి చాలా కాలమైంది. తాగిన టీ గ్లాసు చేతిలో ఉండగానే టీ ఇంకా రాలేదేమని అడిగేవాడు. తలుపు సంగతీ అంతే. ఇదివరకు అతుకుకు ఒకసారి అడిగే మనిషి, ఇప్పుడు అడిగి, జవాబు విని, మంట అందుకోబోతూ మళ్ళీ అదే అడిగేవాడు.

రంగులు వేసే మస్తాన్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం కొండబాబును పక్కకు పిలిచి, “మీ మేస్త్రి బుర్రక్కూడా తుప్పు పట్టిందిరా. లప్పం పెడదామంటే చిల్లు ఎక్కడుందో కనబడదు” అన్నాడు.

కొండబాబు నవ్వలేదు. “నువ్వు నీ రంగు చూసుకో.”

“రంగే చూసుకుంటున్నాను. వంకర కారుకి రంగేసి నా పేరు పోగొట్టుకోలేను. సాయంత్రం సిస్టరమ్మ వస్తుంది. మంట నీకిచ్చి పక్కన కూర్చోమని ఆయనకి నువ్వు చెప్తావా, ఆవిడ ముందు నన్ను చెప్పమంటావా?”

“నేనే చెప్తాలే” అన్నాడు కొండబాబు. అనడమైతే అన్నాడు గాని, మంట పట్టుకోవడం తనకు నేర్పిన మనిషితో ఆ మాట ఎలా అనాలో అతనికి తోచలేదు. పాత పట్టీలో మిగిలిన ఆఖరి ముక్క కోసి పడేస్తున్నప్పుడూ, కొత్త పట్టీని ముందు చక్రం వైపు నుంచి మేస్త్రి చుక్కలు చుక్కలుగా అతుకుతున్నప్పుడూ అతను ఆ మాటనే మనసులో తిప్పుకుంటున్నాడు. మేస్త్రి “తలుపు వేసి చూశావా?” అన్నాడు. కొండబాబు కూర్చున్నచోటు నుంచే “పడింది మేస్త్రీ” అన్నాడు. మేస్త్రి మళ్ళీ అడిగాడు. అతను మళ్ళీ అదే చెప్పాడు. ఇంకో అతుకు పడింది. ఇంకోసారి అడిగాడు. పైకప్పు రేకుల మీద వాన పడుతోంది.

ఆగ్నేసమ్మ గారు గొడుగు మడుచుకుంటూ లోపలికి వచ్చి పనిముట్ల పెట్టె మీద కూర్చున్నారు. మస్తాన్ కొండబాబు వైపు చూసి గడ్డం ఎగరేశాడు.

కొండబాబు మేస్త్రి దగ్గరికి జరిగాడు. “మేస్త్రీ, ఒకటడుగుతాను. కోప్పడకండి.”

“అడుగు.”

“మనం మరిచిపోతున్నామని మనకి ఎలా తెలుస్తుంది?”

మేస్త్రి కళ్ళకున్న నల్ల అద్దాలు తీసి అతని ముఖంలోకి చూశాడు. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ఆయనకు అర్థమైందని ఆగ్నేసమ్మ గారికి అనిపించిందట. కాని ఆయన అన్నది వేరే.

“తలుపు వేసి చూశావా?”

మస్తాన్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. కొండబాబు ముఖం ఎర్రబడింది. “ఇప్పుడే చెప్పాను కదా మేస్త్రీ.”

“చెప్పావు. వెళ్ళి వేసి చూడు.”

మేస్త్రి మతిమరుపు ఇక సిస్టరమ్మ ముందే తేలిపోతుందనుకుని కొండబాబు విసురుగా లేచి తలుపు తోశాడు. అది పడలేదు. పట్టి లాగి మళ్ళీ తోశాడు. తలుపు పై మూల, దాని వెనక కప్పును మోసే కంబానికి తగిలి ఆగిపోయింది. పొద్దున గోరు దూరేంత సందు ఉన్నచోట ఇప్పుడు కాగితం కూడా దూరదు. అంతలో పైన, కంబం కప్పును కలిసేచోట, సన్నగా టిక్కుమని ఒక చప్పుడయింది.

“ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు” అన్నాడు మేస్త్రి. అది టీ కోసం అడిగే గొంతు కాదు.

ముందు, పట్టీకి మధ్యాహ్నం నుంచి వేసిన అతుకులన్నీ రంపంతో కోయించాడు. ఒక్కొక్కటి తెగినప్పుడల్లా కారు మూలిగింది. తర్వాత కొండబాబు తడినేల మీద పడుకుని, చెక్క పలకా జాకీ తీసుకుని దాని కడుపు కిందికి పాకాడు. ఒక పక్క ఆధారం లేని కారు అతని ఛాతీకి జానెడు పైన ఉంది. మేస్త్రి అరచెయ్యి కంబానికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

“పావు తిప్పు.”

జాకీ కిర్రుమంది.

“ఆగు. ఇప్పుడు ఇంకో పావు… వద్దు, ఆగు.”

పైన మళ్ళీ టిక్కుమంది. బిడ్డ బయటపడి ఇంకా ఏడవని ఆ కాసేపు గదిలో ఎలా ఉంటుందో అలా ఉందని, తాను ఎప్పుడు లేచి నిలబడ్డారో తనకే తెలియదని ఆగ్నేసమ్మ గారు చెప్పారు.

“తిప్పు” అన్నాడు మేస్త్రి.

సందు వెంట్రుకంత తెరుచుకుంది. మెల్లగా, తిప్పగా తిప్పగా, మళ్ళీ గోరంత అయింది. రేకు ఎక్కడా చిట్లలేదు. కొండబాబు బయటికి వచ్చి, బురద చేతులతోనే తలుపు ఖాళీలోకి తల పెట్టి చూశాడు. అడ్డంగా ఉండవలసిన కింది కమ్మీ ఒక కొస ఊడి వేలాడుతోంది. దాని బోల్టులు నేల మీద వెతికితే కనబడలేదు. సందు కొలతకు గుర్తు పెడదామని మేస్త్రి సుద్దముక్క కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. సుద్దముక్కతో పాటు రెండు బోల్టులు అరచేతిలోకి వచ్చాయి.

ఆయన వాటిని అటూ ఇటూ దొర్లించి చూశాడు. “ఇవి నా దగ్గర ఎందుకున్నాయి?”

“చూశారా సిస్టరమ్మా, నేను చెప్తూనే…” అని మస్తాన్ అందుకున్నాడు.

“నువ్వుండు” అన్నారు ఆగ్నేసమ్మ గారు.

“మూలలోకి చెయ్యి దూరక పొద్దున నేనే విప్పి ఉంటాను. బిగించలేదు” అన్నాడు మేస్త్రి. తర్వాత కొండబాబు వైపు తిరిగాడు. “పట్టీ కోశాక తలుపు ఎన్నిసార్లు వేసి చూశావు?”

మస్తాన్ చూస్తున్నాడు. ఆగ్నేసమ్మ గారు చూస్తున్నారు. ముసలాయన జేబులో బోల్టులు దొరికాయి కాబట్టి తప్పంతా అక్కడే ఉందని ఊరుకోవచ్చు. కొండబాబు తల దించుకున్నాడు.

“ఒక్కసారీ చూడలేదు మేస్త్రీ. పడిందని చెప్పాను, అంతే.”

మేస్త్రి తల ఊపాడు. బోల్టులు అతని చేతిలో పెట్టి, “ఇందాక ఏదో అడిగావు” అన్నాడు.

“ఇప్పుడెందుకు లెండి.”

“అడుగు. నాకు నిజంగానే గుర్తులేదు.”

“మరిచిపోతున్నామని మనకి ఎలా తెలుస్తుందని అడిగాను.”

“మనకెలా తెలుస్తుందిరా? ఏం మరిచిపోయానో నాకు తెలియదు. తలుపుకి తెలుస్తుంది.”

కొండబాబు కమ్మీ బిగించాడు. తలుపు మూశాడు. అది టక్కుమని పడింది. ఆ చప్పుడుకి ఆగ్నేసమ్మ గారు మళ్ళీ కూర్చున్నారు. అప్పుడు మేస్త్రి, తనను ఎవరూ ఏమీ అనకముందే, వెల్డింగ్ గొట్టమూ నల్ల అద్దాలూ శిష్యుడికి ఇచ్చి, ముక్కాలిపీట తలుపు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏ పనీ లేకుండా ఆ చేతులను అంతకుముందు ఎవరూ చూడలేదు.

కొండబాబు మంట వెలిగించాడు. బొటనవేలంత అతుకు వేసి, మంట ఆర్పి, అద్దాలు తీసి, లేచి వచ్చి తలుపు మూశాడు. పడింది. తెరిచి, మళ్ళీ మూసి చూశాడు. అప్పుడూ పడింది.

మేస్త్రి అతని వైపు అనుమానంగా చూశాడు. “నేను అడగలేదు కదా?”

“లేదు మేస్త్రీ.”

“అయితే ఇక నేను మరిచిపోవచ్చు” అన్నాడు మేస్త్రి.