తమలపాకు తీగకి కట్టిన ఇల్లు

అనగనగా కొండ మీద, మబ్బులు కిందకి దిగొచ్చి వాకిట్లో తిరిగే ఒక ఊళ్ళో, వరహాలు అని ఒక కొత్త కోడలు ఉండేది. చింతపల్లి దాటి ఇంకా పైకి వెళ్ళాలి ఆ ఊరికి. నా చిన్నప్పుడు చూశాను. పొద్దున్నే మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చేది. పిల్లలమంతా చుట్టలు తాగుతున్నట్టు నటించేవాళ్ళం. ఆ చలి ఇప్పుడెక్కడిది! కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, చెప్తాను.

వరహాలు పుట్టిల్లు పాయకరావుపేట వైపు. వాళ్ళకి తమలపాకు తోట ఉండేది. అత్తారింటికి బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ ఒక తీగముక్క కోసి, తడి అరటి దొప్పలో చుట్టి చేతిలో పెట్టింది. "చీరలు చిరిగిపోతాయమ్మా. ఇదైతే చిగురేస్తాది" అంది.

వరహాలు దాన్ని పెరట్లో గోడవార, అవిసె మొక్క పక్కన నాటింది. తీగ పాకింది. ఆ తర్వాత చలికాలం వచ్చింది. ఒక పొద్దున లేచి చూస్తే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుని ఉంది. తమలపాకులన్నీ ఉడికిన తోటకూరలా నల్లగా వేలాడుతున్నాయి.

అత్తగారు సూరమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "సముద్రం పక్క పిల్లనీ, సముద్రం పక్క తీగనీ ఒక్కసారే తెచ్చుకున్నాం. ఒకటే బతికింది" అంది.

కానీ వేరు చావలేదు. ఎండలు రాగానే మొదట్లోంచి చిగురేసింది.

మరుసటేడు వరహాలు తీగకి గోనెపట్టాలు చుట్టింది. మనిషికి దుప్పటి కప్పితే హాయిగా పడుకుంటాడు. మొక్క వెలుతురు తిని బతికేది కదా, దుప్పటి కప్పితే పస్తు పడుకుంటుంది. ఆకులు పసుపు తిరిగి ఒక్కొక్కటే రాలిపోయాయి. ఈసారీ వేరొక్కటే మిగిలింది.

ఆ ఏడే వరహాలు వాళ్ళమ్మ పోయింది. అన్నదమ్ములు ఆవిడ సంవత్సరీకం దాకా కూడా ఆగలేదు. ఆకుతోట పీకేసి సరుగుడు వేశారు. సరుగుడుకి రోజూ నీళ్ళు పొయ్యక్కర్లేదు, పక్కన కూర్చుని ఊసులాడక్కర్లేదు. అమ్మ తోటలో ఇంక మిగిలింది, కొండ మీద వరహాలు పెరట్లో ఉన్న ఆ మోడొక్కటే. అది పోతే అమ్మ తోట పోయినట్టే.

అప్పుడు వరహాలు, "మూడోసారి పోనివ్వను" అనుకుంది.

ఒక సాయంత్రం అంట్లు తోముతుంటే, పొద్దుట్నుంచీ ఎండలో పడున్న మసికుండలో నీళ్ళు చేతికి వెచ్చగా తగిలాయి. పొద్దు వాలినా వెచ్చగానే ఉన్నాయి. అంట్లు తోమేవాళ్ళకి మాత్రమే తెలిసే సంగతి అది.

ఆమె మొగుడు నూకరాజుది కిరాణా కొట్టు. బస్తాల లోపల వచ్చే పాలిథిన్ సంచుల్ని విప్పి, దబ్బనంతో ఒకదానికొకటి కుట్టింది. ఎండ పడే పెరటి గోడకి వెదురు బద్దలు ఏటవాలుగా ఆనించి, మధ్యలో తీగ ఉండేలా వాటి మీద ఆ పాలిథిన్ పరిచింది. అంచులు మట్టితో కప్పెట్టింది. ఒక పక్క చాపలా చుట్టి పైకి లేపేలా తలుపు పెట్టింది. ఆ తర్వాత మసికుండల నిండా నీళ్ళు పోసి లోపల పేర్చింది. పగలు కుండలు ఎండ తాగేవి, రాత్రి ఆ వేడిని తీగకి పంచేవి.

"మొక్కకి మిద్దె కట్టిందర్రా!" అని ఊళ్ళో ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు.

ఆ మిద్దెకి ఒకటే షరతు. ఎండెక్కగానే తలుపు లేపాలి, లేకపోతే లోపల ఆవిరి పట్టి తీగ ఇడ్లీలా ఉడికిపోతుంది. ఎండ తగ్గేలోపు దించాలి, లేకపోతే వేడంతా బయటికి పోతుంది. ఆ చలికాలం మంచు కురిసినా లోపల తీగ పచ్చగా పాకింది.

అప్పుడు వరహాలుకి నెలసరి వచ్చింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళని మూడు రోజులు పెరటి పాకలో కూర్చోబెట్టేవాళ్ళు. ఎందుకని అడుగుతున్నావా? కూర్చోబెట్టినవాళ్ళూ చెప్పలేకపోయారమ్మా.

"తమలపాకు లక్ష్మి. ఈ మూడ్రోజులూ నువ్వు ముట్టుకుంటే మాడిపోద్ది" అంది సూరమ్మ.

"మరి తలుపెవరు తీస్తారత్తా?"

"నేను తీస్తాలే" అన్నాడు నూకరాజు. మంచివాడే పాపం. మంచి మగవాళ్ళకి మతిమరుపెక్కువ, అందులోనూ ఇంటి పనుల్లో.

మొదటి రోజు తీశాడు. రెండో రోజు వరహాలు కేకేస్తే పరిగెత్తుకొచ్చి తీశాడు. మూడో రోజు సంత. చీకటితోనే మూటలు కట్టుకుని పోయాడు.

ఎండెక్కింది. పాలిథిన్ లోపల ఆవిరి తెల్లగా కమ్ముకుంది. పాకలోంచి చూస్తున్న వరహాలు కేకేసింది.

"అత్తా! తలుపు లేపు! ఉడికిపోతోంది!"

సూరమ్మ గబగబా వచ్చింది. తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. "నేనా? మొగుడు పోయినదాన్నే! ఆయన పోయిన్నాటి నుంచీ ఆకు ముట్టలేదు. ముట్టకూడదన్నారు."

చూశావా చిత్రం! ఒకరికి మైల, ఇంకొకరికి వైధవ్యం. ముట్టుకోదగ్గ ఒకే ఒక్క పుణ్యాత్ముడు సంతలో బెల్లం తూస్తున్నాడు.

"ముట్టుకుంటే మాడిపోద్దన్నావు కదత్తా," అంది వరహాలు, పాకలోంచి లేచి వస్తూ. "ముట్టకుండానే మాడిపోతోంది. చూడు."

సూరమ్మ చూసింది. ఆకులు తల వాల్చేస్తున్నాయి. "ఓలమ్మో! ఆ చివర పట్టుకోవే!" అంది.

ఇద్దరూ చెరో చివరా పట్టుకుని తలుపు పైకి చుట్టేశారు. వేడి ఆవిరి మొహాన కొట్టింది. ఆ ఆవిరితో పాటు తమలపాకు వాసన పెరడంతా నిండింది. వరహాలుకి వాళ్ళమ్మ తోటలో నిలబడ్డట్టయింది. ఇద్దరూ దోసిళ్ళతో నీళ్ళు చిలకరిస్తూ కూర్చున్నారు. మెల్లగా ఆకులు తలెత్తాయి.

సూరమ్మ తీగ మీదకి వంగింది. ఒక ఆకు తుంచింది. సున్నం లేదు, వక్క లేదు, ఉత్తాకే నోట్లో పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏటత్తా?"

"ఏటీ లేదు. ఘాటు" అంది.

ఆ మర్నాడు ఆకులు మాడలేదు. ఆ మర్నాడూ మాడలేదు. నెల తిరిగింది. వరహాలు మళ్ళీ పాకలో కూర్చుంది. ఎండెక్కుతుంటే వంటింట్లోంచి సూరమ్మ కేక వినపడింది:

"ఏమే వరాలూ, ఇంకా అక్కడే కూకున్నావా? లేచి తలుపు తియ్యి!"

తీగ పందిరికి, ఆకు పళ్ళేనికి,
కుండ ఎండకి, మంచు కొండకి,
కథేమో కంచికి, నువ్వేమో నిద్దరకి.