మొదటి పోటు దాలమ్మది

కొండలు ఇంకా ఎదుగుతున్న కాలం. వాగులకి ఇంకా పేర్లు పెట్టని కాలం. ఒక కొండ కింద ఊళ్ళో దాలమ్మ అని ఒక మనిషి ఉండేది. పుండు కడగడం, కట్టు కట్టడం, కట్టు విప్పి మళ్ళీ కడగడం, అదే ఆవిడ పని. మంత్రం రాదు, మాయ రాదు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం గుర్రాల దండు ఊరిమీద పడింది. దోచింది, నరికింది, పోయింది. పెద్దల గాయాలు దాలమ్మ కట్లకి మానాయి. పిల్లల ఒంటిమీద గాయమే లేదు. కానీ రోకటి పోటు వినబడితే చాలు, గుర్రాలొచ్చాయని మంచాల కింద దూరేవారు.

ఊరి పెద్దలు జాలిపడి కట్టుబాటు చేశారు. "రోకలి ఎత్తకూడదు. ఆనాటి మాట ఎత్తకూడదు." రోకళ్ళు అటకెక్కాయి. జనం దంచని గింజలే ఉడకేసుకు తిన్నారు. అంత జాలి! అయినా భయం తగ్గితేనా? పిల్లలు తలుపు చప్పుడుకి ఉలిక్కిపడ్డారు. ఆనక కోడి రెక్కల చప్పుడుకీ ఉలిక్కిపడ్డారు.

అందరిలోకీ నూకాలు మరీను. ఏడేళ్ళ పిల్ల. దండు చేతిలో తల్లి పోయింది. నాయనమ్మ అచ్చియమ్మ ఇంట్లో ఉంటోంది. మాట లేదు, నవ్వు లేదు, ముద్ద దిగదు.

"ఒలే దాలీ, ఇదీ నాకు దక్కేలా లేదే" అని ఏడ్చింది అచ్చియమ్మ.

"లోపల పుండుంది పిన్నీ. కడక్కుండా కట్టేశాం."

"లోపలిది ఎలా కడుగుతావే? గొంతులో చెయ్యెడతావా?"

"తనే కడుక్కుంటుంది. నేను పక్కనుంటాను."

అంటూనే అటకమీది రోకలి దింపింది. పెద్దలు లేచారు. "కట్టుబాటు దాటుతావా? వెలేస్తాం!"

"పిల్ల లేచి తిరిగాక వెలేద్దురు బాబూ. అందాకా ఆగండి."

మొదటిసారి వాగు అవతల అచ్చియమ్మ దంచింది. ఇవతల నూకాలు చెయ్యి దాలమ్మ చేతిలో ఉంది.

"ఏం వినబడుతోంది తల్లీ?"

పిల్ల గజగజలాడింది. "గుర్రాలు." అన్నాళ్ళకి అదే తొలి మాట.

"ఏం కనబడుతోంది?"

పిల్ల చాలాసేపు చూసింది. "నాయనమ్మ."

వణుకు తగ్గేదాకా కూర్చున్నారు. రెండోసారి వాగు ఇవతల దంచారు. మళ్ళీ అదే అడగడం, మళ్ళీ కూర్చోవడం. మూడోసారి వాకిట్లోనే. ఆనాడు నూకాలు, ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"అమ్మ గడియ వెయ్యమంది. నేను వెయ్యలేదు. అందుకే వాళ్ళొచ్చారు."

"అయ్యో, కాదమ్మా!" అనబోయిన అచ్చియమ్మని దాలమ్మ కంటితోనే ఆపింది. "వెళ్ళి చూద్దామా?" అంది పిల్లతో.

తల్లి ఇల్లు ఆనాటినుంచీ అలాగే ఉంది. తలుపు వెనకాల అడ్డగడియ రెండు ముక్కలై పడుంది. నూకాలు ముక్కలు రెండూ తీసి, విరిగినచోట కలిపి చూసింది.

"వెయ్యకపోతే... ఇదెందుకు విరుగుతుంది?"

"ఎందుకు విరుగుతుంది?" అని దాలమ్మా అడిగింది.

"నేను వేశాను." పిల్ల ఆ ముక్కలు పైకెత్తి చూపించింది. "దాలత్తా, నేను వేశాను! వాళ్ళు విరక్కొట్టారు!"

అప్పుడు ఏడ్చింది తల్లి కోసం, తల్లి పోయాక మొదటిసారి. ఏడ్చి ఏడ్చి, "నాయనమ్మా, గంజి" అంది. తాగి, తనే రోకలి ఎత్తి ఒక్క పోటు వేసింది. ఊరంతా నిలబడి చూసింది. వెలేస్తామన్న పెద్దలే మనవల్ని చెయ్యి పట్టుకు తెచ్చారు. కట్లు కట్టే చేతులకి ఆ దారి ఎవరు చెప్పారో! ఇన్నేళ్ళొచ్చినా నాకు అంతుపట్టదు.

దాలమ్మ పోయింది. గుడి లేదు, రాయి లేదు. కానీ ఆ కొండ కింద ఇప్పటికీ ఉలిక్కిపడ్డ పిల్లని మరిచిపొమ్మని ఎవరూ అనరు. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంటారు. దంచేముందు మొదటి పోటు మెత్తగా వేస్తారు, అది దాలమ్మది. వేసి, దగ్గరున్న పిల్లని అడుగుతారు.

"ఏం వినబడుతోంది?"

"రోకలి."

"ఏం కనబడుతోంది?"

"అమ్మ."

అప్పుడే రెండో పోటు పడుతుంది.