గాజుల నూకాలు తీసిన ఫొటో

అనగనగా, రైలుకూత ఇంకా ఎవరూ వినని రోజుల్లో, తూర్పు కొండల కింద వేణుగిరి అని ఒక చిన్న సంస్థానం. నరసింహస్వామి చల్లగా చూస్తున్నాడు కాబట్టి పంటలకు లోటు లేదు. లోటల్లా రాజమాత గుండెల్లోనే.

ఆవిడ కూతురు సుభద్రను కొండల అవతలి సంస్థానానికి ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే రెండు రాజ్యాలకీ పొలిమేర తగవు వచ్చి దారి మూసేశారు. తపాలావాడు తప్ప ఎవరూ దాటడానికి లేదు. పన్నెండేళ్ళు గడిచాయి.

"అమ్మా, నీ ముఖం మరిచిపోతానేమోనని భయంగా ఉంది" అని కూతురు రాసింది. ఆ పూట రాజమాత అన్నం ముట్టలేదు.

రాజుగారు చాటింపు వేయించాడు. "అమ్మ ఫొటో తీసి నా చెల్లెలిని మెప్పించినవారే మన ఆస్థాన ఫొటోగ్రాఫరు!"

ఆ ఊళ్ళోనే నూకాలు గాజులమ్మేది. రోడ్లు కొలవడానికి వచ్చిన దొర ఒకడు పాత కెమెరా పెట్టె వదిలేసి పోతే ఇంటికి తెచ్చుకుంది. నేర్పేవాళ్ళు లేరు. మొదటి ఫొటో మసిబొగ్గులా వచ్చింది. రెండోది సున్నపు గోడలా వచ్చింది. మూడోదాంట్లో పక్కింటి మేక తోక ఒక్కటే పడింది! అయినా మానలేదు. పొద్దున గాజులు, మధ్యాహ్నం ఫొటోలు.

"ఏమే, దేవుడు నీకు చేతులిచ్చింది బుట్ట మొయ్యడానికే!" అని వీధి నవ్వేది.

నూకాలు బుట్ట నెత్తికెత్తుకుని సాగిపోయేది. దీపం పెట్టే వేళ మాత్రం స్వామిని అడిగేది. "తండ్రీ, ఈ పనే నా బతుకుదెరువయ్యే రోజుందా?"

ముందుగా పట్నం ఫొటోగ్రాఫరు వచ్చాడు. ఫొటో తీసి, రాజమాత ముడతలన్నీ కుంచెతో దిద్దేశాడు. తపాలాలో జవాబొచ్చింది. "అన్నయ్యా, ఈ పడుచుపిల్ల ఎవరు?"

తరువాత రేవు నుంచి ఇంకొకాయన వచ్చాడు. మెడ కదలకుండా వెనక ఇనపకడ్డీ నిలబెట్టాడు. "ఊపిరి బిగపట్టండి!" అని గద్దించాడు. జవాబొచ్చింది. "విగ్రహం బాగుంది. దండం పెట్టుకున్నాను. అమ్మని పంపలేదేం?"

మూడోసారి నూకాలు వచ్చింది. సభ ఘొల్లుమంది. రాజమాత అప్పటికే కొయ్యలా బిగుసుకుని ఉంది.

గాజులు వేసేవాళ్ళకు తెలుసు, బిగించిన చేతికి గాజు ఎక్కదు, పగులుతుంది. కబుర్లాడి చెయ్యి మెత్తబడ్డాకే ఎక్కించాలి. రాజమాతది గాజులు తీసేసిన చెయ్యి. నూకాలు ఆ బోసి చేతినే మెల్లగా ఒత్తి, కెమెరా దగ్గరికి వెళ్ళి అడిగింది.

"అమ్మగోరూ, చిన్నప్పుడు సుభద్రమ్మగోరు గాజులేస్తే ఏడిచేవారా?"

"ఏడవడమా! కోటంతా ఎగిరిపోయేదే! నేను పక్కన కూర్చుని వీపు నిమరాల్సిందే, ఇలా..."

ఆ చెయ్యి గాలిలో నిమిరింది. నూకాలు ఫొటో తీసింది.

అందులో ముడతలన్నీ ఉన్నాయి. కళ్ళల్లో నీరుంది. చెయ్యి మాత్రం కదిలి పొగలా చెదిరిపోయింది.

"చెయ్యి నేను దిద్దిపెడతాలే" అన్నాడు ఇంకా ఊళ్ళోనే ఉన్న పట్నంవాడు జాలిగా.

"మీరు దిద్దితే అది మీ చెయ్యి బాబూ, అమ్మగోరిది కాదు."

"ఇది పంపితే పరువు పోతుంది" అన్నాడు రాజు.

"పంపు నాయనా" అంది రాజమాత.

నెల గడిచింది. జవాబొచ్చింది.

"అన్నయ్యా, ఆ చెదిరిన చెయ్యి చూశాను. నా వీపు మీదే ఉన్నట్టుంది. పన్నెండేళ్ళకు కరువుతీరా ఏడ్చాను. తీసినావిడని ఇక్కడికి పంపు, దారి తెరుస్తామని మావారు అన్నారు. అమ్మ కూడా నన్ను చూడాలి కదా."

రాజు తన చేత్తో నూకాలుకు శాలువా కప్పాడు. మర్నాడు ఆస్థాన ఫొటోగ్రాఫరు నూకాలు ప్రయాణమైంది. రాజమాత కోట గుమ్మం దాకా వచ్చింది.

"అది చిక్కిపోయి ఉంటుందే నూకాలూ. అయినా సరే, ఉన్నది ఉన్నట్టే తీసుకురా."

"అలాగే అమ్మగోరూ" అంది నూకాలు. తపాలావాడు కాక, పన్నెండేళ్ళ తరువాత ఆ పొలిమేర దాటిన మొదటి మనిషి ఆమే.

బిడ్డలూ, ఎడబాటులో ఉన్న మనసుకు మెరుగులు అక్కర్లేదు. నిజాన్ని నమ్ముకుని పనిచేసేవారికి దేవుడే దారి తెరుస్తాడు.