మా ఇంటిల్లిపాదీ బురద పరుగు

మా ఇంట్లో ఉండేది నలుగురం. నలుగురికీ తెలివి ఎక్కువే. ఈ మాట మేం చెప్పుకోవడమే గానీ ఊళ్ళో ఎవరూ అనరు, అది వాళ్ళ కుళ్ళు. మా ఆయన కోటిలింగం ఇంటికి పెద్ద, ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేసే మనిషి. మా మరిది ఆదిశేషు పదో తరగతి మూడుసార్లు చదివాడు, అంటే మిగతా వాళ్ళకంటే మూడింతలు చదువుకున్నట్టే లెక్క. మా అత్త పున్నమ్మకి అరవై రెండేళ్ళు. ఆవిడ తెలివి కొడుకులిద్దరికీ పంచిపెట్టాక కూడా ఇంకా మిగిలింది. ఇక నేను, నాంచారమ్మని. ఇంతమంది మధ్య పద్దెనిమిదేళ్ళుగా కాపురం చేస్తున్నాను కదా, నాకూ బాగానే అంటుకుంది.

మాకు అరెకరం మిర్చి తోట, తోటలో బావి, బావి మీద మోటారు ఉండేవి. ఈ కథ మొదలయ్యేనాటికి తోటా బావీ మాత్రమే మిగిలాయి. మోటారు బిగించినప్పుడు మెకానిక్కు మస్తాను, "తోట మొత్తం తడిసేదాకా ఆపొద్దు" అని చెప్పి వెళ్ళాడు. సగం తోట తడిసేసరికి బావిలో నీళ్ళు అడుగంటాయి. ఆపొద్దన్నాడు కదా, మేం ఆపలేదు. మోటారు గుర్రుమంది, మూలిగింది, పొగ కక్కింది. పొగొస్తే ఆపమని మస్తాను చెప్పలేదు. నలుగురం చుట్టూ నిలబడి, అది ఎప్పుడు బాగవుతుందా అని చూశాం. ఇంకేముంది, మోటారు మాడి బొగ్గయింది.

మర్నాటికి బావిలో నీళ్ళు ఊరాయి, తోడే దిక్కు లేదు. తోట పూతమీదుంది. రోజుకి నలభై బిందెలు నేనే మోశాను. మా ఆయనా మరిదీ ఎందుకు మోయలేదంటే, బిందె ఆడవాళ్ళు మోసేదని వాళ్ళకి చిన్నప్పుడు ఎవరో చెప్పారట. నెల తిరిగేసరికి నా నడుం వంగితే లేవదు, లేస్తే వంగదు. మోయకపోతే మిర్చి ఉండదు, మోస్తే నేనుండను. ఒకరోజు గట్టుమీద బిందె దించుకుని కూర్చుని భోరున ఏడ్చేశాను.

అప్పుడే మా మరిది సంత నుంచి ఒక కాగితం, ఒక చిన్న పుస్తకం పట్టుకొచ్చాడు. నల్లగుట్ట కింద బురద పరుగు పోటీ అట. పట్నం నుంచి ఎవరో పెడుతున్నారు. పది కిలోమీటర్లు, దారిపొడుగునా గోడలు, గుంటలు, ముళ్ళతీగలు. జట్టుకి నలుగురు, వయసుతో పనిలేదు. గెలిచిన జట్టుకి ఐదు హెచ్‌పీ మోటారు.

"మోటారే" అన్నాన్నేను.

"వదినా, నువ్వింక బిందె మొయ్యక్కర్లేదు. పుస్తకంలో ఎలా ఉంటే అలా చేస్తే చాలు. అలా చెయ్యడంలో మనల్ని మించినవాళ్ళెవరు?" అన్నాడు ఆదిశేషు. అది మాత్రం నిజం.

ఆ సాయంత్రం అరుగుమీద కూర్చుని పుస్తకం చదివాడు. మొదటి నిబంధన: జట్టులో ప్రతి ఒక్కరూ రెండు లీటర్ల నీళ్ళసీసా, ఈల, పది మీటర్ల తాడు, టార్చిలైటు, దెబ్బలకి కట్టే గుడ్డ దగ్గరుంచుకోవాలి. ఇవి ఎల్లవేళలా ఒంటిమీదే ఉండాలి.

"ఎల్లవేళలా అంటే?" అంది అత్త.

"అంటే ఇప్పుడు కూడానే అమ్మా" అన్నాడు మా ఆయన.

పోటీ ఇంకా నలభై రోజులుంది. అయినా ఎందుకొచ్చిన గొడవ, ఆ పూటే కొనుక్కొచ్చి కట్టేసుకున్నాం. ఊడిపోతాయేమోనని నేను అన్నిటినీ బట్టలకి దబ్బనంతో కుట్టాను. అంతే, ఇక నలుగురం తాడు చుట్టుకునే తిన్నాం, తాడు చుట్టుకునే పడుకున్నాం. స్నానం కూడా సామానుతోనే. వీపు రుద్దుకోబోతే టార్చిలైటు చేతికొచ్చేది. మా అత్త వాళ్ళ చెల్లెలి మామగారు పోతే పరామర్శకి వెళ్ళింది. మెడలో ఈల, నడుముకి తాడు, చంకలో సీసా. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపాపి, "ఏం పున్నమ్మా, ఎక్కడికి ప్రయాణం?" అని అడిగారట. "నేనెక్కడికీ లేదు, పోయినాయనే వెళ్ళాడుగా" అందట మా అత్త. ఆ ఇంటికి మమ్మల్ని మళ్ళీ పిలవలేదు.

రెండో నిబంధన ఈల గురించి. పోటీకి ముందే ఈల మోగుతుందో లేదో పరీక్షించుకోవాలి. దాని కిందే, ప్రమాదంలో ఉన్న మనిషి తప్ప ఈల ఊదరాదు అని రాసుంది.

మా మరిది గడ్డం గోక్కున్నాడు. "పరీక్షించాలంటే ఊదాలి. ఊదాలంటే ప్రమాదం ఉండాలి. మనకేమో ఏ ప్రమాదమూ లేదు."

"లేకపోతే తెచ్చుకుందాం. దానికంత ఆలోచనెందుకు?" అంది అత్త.

వెంకటప్పయ్యగారి గిత్త ఊళ్ళో పేరుపడ్డ పొగరుబోతు. పొద్దున్నే నలుగురం వెళ్ళాం. మా ఆయన దాని తోక మెలిపెట్టాడు. అంతే, అది ఎగిరి దూకింది. మా ఆయన పరుగు, వెనక గిత్త, దాని వెనక మేం. "ఏమయ్యా, ఊదు" అని నేను అరిస్తే, "ఇది ప్రమాదమేనంటావా?" అని పరిగెడుతూనే అడిగాడు. ఆదిశేషు పుస్తకం తీసి ప్రమాదం అంటే ఏంటని వెతుకుతున్నాడు. ఆ పేజీ దొరికేలోపు గిత్త మా ఆయన్ని పేడదిబ్బలోకి ఎత్తేసింది. అందులోంచి ఈల మోగింది. ఊరంతా పరిగెత్తుకొచ్చారు.

"మోగిందిరా" అని మా అత్త కొడుకు నెత్తిమీద పేడ తుడిచి ముద్దుపెట్టుకుంది.

మరి మిగతా మూడు ఈలల మాటో? మర్నాడు మా మరిది తోక మెలిపెట్టాడు, ఆ మర్నాడు నేను. నన్ను ఎక్కడ పొడిచిందో మీకు చెప్పను, వారంరోజులు కూర్చోలేదు. నాలుగోనాడు మా అత్త వెళ్ళేసరికి ఆ గిత్త మమ్మల్ని దూరాన్నుంచే చూసి కట్టుతాడు తెంపుకుని పక్కూరికి పారిపోయింది. పాపం మా అత్త ఈల పరీక్ష కాకుండానే ఉండిపోయింది. ఆవిడకి ఇప్పటికీ ఆ దిగులుంది.

మూడో నిబంధన సాధన. పోటీదాకా రోజూ అడ్డంకులు దాటడం అలవాటు చేసుకోవాలి. మా ఇంట్లో అడ్డంకులు లేవు, వాకిలి తీస్తే లోపలికి రావచ్చు. అది తప్పు కదా, అందుకని మా ఆయన వాకిలికి అడ్డంగా చెక్కలు పెట్టి మేకులు కొట్టేశాడు. ఇక అందరం ప్రహరీ గోడ దూకి రావడమే. వంటింటి గుమ్మం ముందు గొయ్యి తవ్వి బురద నింపాడు. నేను అన్నం వండుకుని ఆ బురదలో పాకుతూ వడ్డించేదాన్ని. పప్పులో బురద పడిందని ఒక్కరూ అనలేదు, బురదలో పప్పు పడిందని మా అత్త మాత్రం గొణిగింది. కరెంటు బిల్లు తీసేవాడు వస్తే వాణ్ణి కూడా గోడ దూకించాం. వాడు కాలు బెణికించుకుంటే మా ఆయన పరిగెత్తి దెబ్బలకి కట్టే గుడ్డ ఇవ్వబోయాడు. అది చొక్కాకి కుట్టేసి ఉంది. ఇంకేముంది, మా ఆయన వాడి పక్కనే పడుకుని, తన చొక్కాతో సహా వాడి కాలు కట్టేశాడు. ఇద్దరూ సాయంత్రందాకా అలాగే ఉన్నారు.

ఇలా ఉండగా పోటీరోజు వచ్చింది. పన్నెండు జట్లు. మిగతావాళ్ళంతా కండలు తిరిగిన కుర్రాళ్ళు. మమ్మల్ని చూసి నవ్వారు. మాకేం కొత్త కాదు.

బయలుదేరే చోట ఒకాయన సామాను తనిఖీ చేస్తున్నాడు. "తీసి చూపించండి" అన్నాడు.

"తీయకూడదండీ" అన్నాడు మా ఆయన.

"ఎవరు చెప్పారు?"

"మీరే. ఎల్లవేళలా ఒంటిమీదే ఉండాలన్నారు. ఇది ఏదో ఒక వేళే కదండీ."

ఆయన మా చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి, కుట్లు చూసి టిక్కు పెట్టుకున్నాడు. మా గుండెలమీద నంబరు గుడ్డలు అంటించి, "ఈ నంబరు ఎప్పుడూ పైకి కనపడాలి" అన్నాడు. అంతే, ముళ్ళతీగల కింద అందరూ బోర్లా పాకుతుంటే మేం వెల్లకిలా పాకాం. నంబరు ఆకాశానికి బాగా కనపడింది. ఎటు వెళ్తున్నామో మాకు కనపడలేదు. అందుకని అదే తీగల కింద మూడుసార్లు తిరిగాం.

తర్వాత నడుంలోతు బురదగుంట. గట్టుమీద బోర్డు పెట్టారు: "ఇక్కడున్నది ఏదీ తీసుకుపోరాదు. మీరు తెచ్చింది ఏదీ ఇక్కడ వదలరాదు." కుర్రాళ్ళు ఆ బోర్డు చూడనైనా చూడకుండా, ఒళ్ళంతా పోటీవాళ్ళ బురద పూసుకుని పారిపోయారు. నాకు అసహ్యమేసింది. మేం గట్టున కూర్చుని ఒకరి ఒళ్ళు ఒకరు గీకి, చెవుల్లోది కూడా తీసి, మళ్ళీ గుంటలో వేశాం.

అక్కడ కాపలా ఉన్న అమ్మాయి వచ్చింది. "పెద్దమ్మా, ఏం చేస్తున్నారు?"

"మీ బురద మీకిచ్చేస్తున్నాం తల్లీ. ఒకరి సొమ్ము మాకొద్దు" అంది అత్త. మళ్ళీ తనే, "నా చెమట మాత్రం రెండు చుక్కలు అందులో పడింది. ఎలా తియ్యాలో చెప్పు" అని అడిగింది. ఆ పిల్ల తల పట్టుకుని వెళ్ళిపోయింది.

ఎండ మండిపోతోంది. చంకలో రెండు లీటర్ల నీళ్ళు, నాలుక పిడచ కట్టుకుపోయింది. తాగితే రెండు లీటర్లు ఉండవు కదా. దారిలో బల్లమీద నీళ్ళగ్లాసులు పెట్టారు గానీ ఎవరూ తాగమని చెప్పలేదు. చెప్పకుండా ఎలా తాగుతాం? వాటికేసి చూస్తూ మింగుడు పడని గుటకలు వేసుకుంటూ వెళ్ళాం.

ఆఖర్న పెద్ద గోడ. దానిమీద, "జట్టులో ఎవర్నీ వెనక వదిలి వెళ్ళరాదు" అని రాసుంది. మేం ముగ్గురం కలిసి మా ఆయన్ని పైకి ఎక్కించాం. ఆయన పైనుంచి చూసి, "మీరు ముగ్గురూ వెనకుండిపోయారే" అని దిగొచ్చేశాడు. అత్తని ఎక్కించాం, ఆవిడా దిగింది. ఆదిశేషు ఎక్కి దిగాడు. నేను ఎక్కి దిగాను. పొద్దు వాలిపోతోంది. అక్కడే గోడకి ఆనుకుని కూలబడ్డాను. రేపటి నలభై బిందెలూ వరసగా కళ్ళముందు కనపడ్డాయి.

"ఏడవకే నాంచారీ" అన్నాడు మా ఆయన. "మోటారు లేకుండా ఇంటికి రాను."

మాతో పాటు చివర మిగిలిన జట్టు కుర్రాళ్ళు మా అవస్థ చూసి నవ్వీ నవ్వీ, చివరికి జాలిపడ్డారు. నలుగుర్నీ ఒకేసారి భుజాలమీద ఎక్కించుకుని గోడ అవతలికి తోసేశారు. నలుగురం ఒకరిమీద ఒకరం పడ్డాం. మా అత్త పైన పడింది కాబట్టి ఆవిడకేం కాలేదు.

పోటీ ముగిసే గీత దాటేసరికి, పొద్దుగుంకేలోగా రావాలన్న గడువుకి ఇంకా పది నిమిషాలుంది. మాకంటే ముందొచ్చిన జట్లన్నీ దిగులుగా కూర్చున్నాయి. ఎందుకంటే గీత దగ్గర మళ్ళీ సామాను తనిఖీ, ఏ ఒక్కటి తక్కువైనా ఆ జట్టు ఓడినట్టే. ఒకరి ఈల బురదలో పోయింది. ఒకరు బరువని నీళ్ళు పారబోశారు. ఒకరి తాడు ముళ్ళతీగకి వేలాడుతోంది. మమ్మల్ని ఎత్తి తోసిన కుర్రాళ్ళ టార్చిలైటు ఆ గోడ కిందే పడింది. మా సామాను మాత్రం దారం తెగలేదు, చుక్క తగ్గలేదు. తనిఖీ ఆయన పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. మాకు మోటారు ఇవ్వకుండా ఉండే దారి అందులో లేదనుకుంటాను.

ఐదు హెచ్‌పీ మోటారు. నీలం రంగు, మెరిసిపోతోంది. నేను దాన్ని కావలించుకుని ఏడ్చాను. పద్దెనిమిదేళ్ళలో మా ఇంటి తెలివికి ఒక్క లాభం కనపడటం అదే మొదలు. ఊరూరంతా మమ్మల్ని చూడ్డానికొచ్చారు. ఆ ఒక్కరోజు ఎవరూ నవ్వలేదు.

మర్నాడు మస్తాను స్పానర్లు పట్టుకుని బిగించడానికి వచ్చాడు. మా ఆయన వాకిలి దగ్గరే ఆపేశాడు. "పాత మోటారు నీ మాట విని పోగొట్టుకున్నాం. ఈసారి కంపెనీ మాటే వింటాం" అని మోటారుతో వచ్చిన కాగితం చూపించాడు. ఆదిశేషు పెద్దగా చదివాడు: "మోటారుకు తడి తగలనీయరాదు. పొడి ప్రదేశంలో ఉంచవలెను."

"అది సరే, ముందు బావి దగ్గరికి మోసుకురండి" అన్నాడు మస్తాను.

మా అత్త ముక్కున వేలేసుకుంది. "ఏం మనిషివి నాయనా. తడి తగలకూడదని ఇంత లావు అక్షరాలతో రాసుంటే, బావి దగ్గరికి తెమ్మంటావు. బావి నిండా నీళ్ళేగా."

మస్తాను మమ్మల్ని ఒక్కొక్కర్నే చూశాడు. స్పానర్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. తెలివైనవాళ్ళతో వాదించలేక అలా వెళ్ళిపోయేవాళ్ళని మేం చాలామందిని చూశాం.

మోటారుని నడింట్లో నా మంచం మీద పెట్టాం. ఇంట్లో అంతకంటే పొడి చోటు లేదు. నేను కింద పడుకుంటున్నాను. తోట బాగా కాసింది, కాబట్టి నీళ్ళు కూడా ఎక్కువే కావాలి, రోజుకి అరవై బిందెలు. నా నడుం సంగతి అడుగుతారు కాబోలు. అప్పుడు మోటారు లేక మోసేదాన్ని. ఇప్పుడు ఇంట్లో ఐదు హెచ్‌పీ మోటారు పెట్టుకుని మోస్తున్నాను. ఆ దర్జా వేరు. మోసి వచ్చాక తిన్నగా ఇంట్లోకి మాత్రం రాను. అరుగుమీద కూర్చుని, చీర కొంగు దగ్గర్నుంచి అంతా ఆరిందాకా ఆగి అప్పుడు అడుగు పెడతాను, మోటారుకి తడి తగులుతుందని.