పోతులయ్య ఇంటి దిబ్బ

ఖర నామ సంవత్సరం, మృగశిర కార్తె. అప్పుడు ఒక అడవిలో, ఒక వాలు మీద పందికొక్కుల ఊరు ఉండేది పిల్లలూ. అందులో పోతులయ్య ఇల్లు ఒకటి. పైన ఒక గది, ఆ గదిలో అయిదుగురు పిల్లలు. కింద నేలమాళిగ, అందులో నాలుగు గంపల వేరుశనగకాయలు. కొత్త పంట వచ్చేదాకా ఆ ఇంటికి అవే తిండి.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. ఇల్లు తవ్విన మట్టిని ఇంటికి ఎగువన దిబ్బగా పోస్తారు. వాలు దిగి వచ్చేవాళ్ళకు ముందు అదే కనపడాలి. దిబ్బ ఎంత ఎత్తుంటే ఇంటాయన అంత గొప్ప. పోతులయ్య దిబ్బ ఊరంతటికీ పెద్దది. మూడు తరాల మట్టి అది. పొద్దున లేచి దాని చుట్టూ ఒకసారి తిరిగి, మీసాలు దువ్వుకుంటే గానీ తిండి ముట్టేవాడు కాదు.

తొలకరి వానకు నేలమాళిగ గోడ చెమర్చింది. భార్య సింగారమ్మ చెయ్యి పెట్టి చూసింది.

"ఏమయ్యా, గోడ తడిగా ఉంది. కాయలు బూజు పడతాయి."

"పూత చాల్లేదు, అంతే," అన్నాడు పోతులయ్య. బంకమన్ను తెచ్చి గోడకు లోపలివైపు బెత్తెడు మందాన మెత్తాడు. మళ్ళీ వాన పడింది. పూత పెళ్ళలు పెళ్ళలుగా ఊడి కాయల మీద పడింది. ఆ బురదంతా సింగారమ్మే ఎత్తిపోసింది.

ఆమె వాగులో ఉండే ఎండ్రకాయ డెక్కలయ్యకు కబురు పెట్టింది. నీళ్ళలో పుట్టి, నీళ్ళలోనే ముసలివాడైనవాడు. ఆయన అడ్డంగా నడుచుకుంటూ వచ్చి ఇంటి చుట్టూ తిరిగి చూశాడు.

"అల్లుడా, నీళ్ళు గోడలో పుట్టవయ్యా! పైనుంచి వచ్చే వాన నీ దిబ్బకు తగిలి ఆగుతోంది. అక్కడ మడుగు కట్టి, నేలలోకి ఇంకి, నీ గోడలోంచి దిగుతోంది. దిబ్బను కోసి పక్కకు కాలవ తియ్యి. ఒక్క పూట పని."

"మా తాత పోసిన దిబ్బను కొయ్యాలా? అడ్డంగా నడిచేవాడివి, నిలబడ్డ దిబ్బ విలువ నీకేం తెలుస్తుంది మామా?"

"నాకు తెలియదులే. నీళ్ళకు అసలే తెలియదు," అని డెక్కలయ్య వాగుకు వెళ్ళిపోయాడు.

ఆరుద్ర కార్తెలో పోతులయ్య తుమ్మబంక తెచ్చాడు.

"అది నీళ్ళలో కరుగుతుందయ్యా! నోట్లో వేసుకుంటేనే కరుగుతుంది!" అని సింగారమ్మ తల కొట్టుకుంది.

"నా పని నన్ను చేసుకోనివ్వవే," అన్నాడు.

కరిగి నేలంతా పారింది. పిల్లలు నేలకు అతుక్కుపోతే ఒక్కొక్కళ్ళనే సింగారమ్మ ఊడబెరికింది.

పునర్వసులో తేనెపట్టు మైనం తెచ్చి పూశాడు. గోడ నిగనిగలాడింది. "ఇప్పుడు రమ్మను ఆ ఎండ్రకాయను!" అన్నాడు.

సింగారమ్మకు నిగనిగ కనపడలేదు. గోడ కడుపుతో ఉన్నట్టు ఉబ్బి కనపడింది.

"ఏమయ్యా, నీళ్ళు మైనం వెనకే నిండుతున్నాయి. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ దిబ్బ..."

"దిబ్బ మాట ఎత్తావంటే ఊరుకోను!"

ఆ రోజు పొద్దుటినుంచి ఒకటే వాన. పోతులయ్య కిందికి దిగి, ఉబ్బిన గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. సింగారమ్మకు ఇక చెప్పే ఓపిక లేదు. వానలోకి వెళ్ళి రెండు చేతులా దిబ్బను తవ్వడం మొదలుపెట్టింది.

"ఓసి సింగారమ్మా! ఇంటి దిబ్బ తవ్వుకుంటున్నావా? సిగ్గు లేదూ!" అంది పక్కింటావిడ.

"సిగ్గు తర్వాత పడతాను వదినా. ముందు నువ్వు ఆ పక్క మట్టి లాగు!"

దిబ్బ తెగింది. మడుగు భళ్ళున పక్కకు పారి వాగులో కలిసింది. పిల్లల గది నిలిచింది. కింది గోడ మాత్రం అప్పటికే నాని మెత్తబడి ఉంది. మైనంతో సహా కూలింది. పోతులయ్య ఒక్క గెంతు గెంతి, ఒళ్ళంతా బురదతో బయటపడ్డాడు. వస్తూనే ఎగువకు చూశాడు.

"దిబ్బ పోయిందే!"

"పిల్లలు అయిదుగురూ ఉన్నారు. కావాలంటే లెక్కపెట్టుకో," అంది సింగారమ్మ.

పోతులయ్య లెక్కపెట్టుకున్నాడు. ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు. ఆ తర్వాత కాలవలోకి దిగి, దాన్ని ఇంకాస్త లోతు చెయ్యసాగాడు.

నాలుగు గంపల కాయలూ బురదలో కలిసిపోయాయి. నేలమాళిగ పూడిపోయింది. పోతులయ్య తోక సగం తెగి ఆ మట్టి కిందే ఉండిపోయింది.

నీతి: నీళ్ళు కారే చోట పూతలు పూయడం కాదు, ఆగే చోట దారి చెయ్యాలి, ఆ దారికి మన గొప్పే అడ్డమైతే ముందు దాన్నే తవ్వాలి.